ఒర్గోయిలో ఆగడానికి సెలవు

గొనారియో పని నీళ్లు మోయడం. పన్నెండేళ్ల నుంచీ అదే పని.

సైకిల్ రేసుకొచ్చే వాళ్లంతా గెలవడానికే వస్తారనుకుంటారు చాలామంది. అదేం కాదు. టీములో ఎనిమిదిమంది ఉంటే గెలవాల్సింది ఒక్కడు, మిగతా ఏడుగురూ వాడి కోసమే. ఎదురుగాలి కొడితే వాడి ముందు గోడలా నిలబడతారు, వాడి టైరు పంచరైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చేస్తారు. గొనారియో అయితే గుంపులోంచి మెల్లగా వెనక్కి జారి, టీము కారు పక్కకెళ్లి, చొక్కా వెనక జేబుల్లోనూ చొక్కా లోపల వీపు మీదా ఎక్కడ పడితే అక్కడ ఎనిమిది సీసాలు కుక్కుకుని, ఒళ్లంతా గడ్డలు లేచినవాడిలా మళ్లీ ముందుకి తొక్కుకుంటూ వస్తాడు. అదీ కొండ ఎక్కేటప్పుడు! పన్నెండేళ్లలో ఒక్క రేసు కూడా గెలవలేదు. ఎవరైనా ఎత్తిపొడిస్తే "నా టీములో ఇంతవరకూ ఎవడైనా దాహంతో పోయాడా?" అని ఊరుకుంటాడు.

పుట్టింది సార్డీనియా దీవిలో, తూర్పు వైపు కొండల్లో. కింద రేవు దగ్గర ఎర్రబండలు, అక్కణ్ణుంచి రోడ్డు మెలికలు మెలికలుగా లేచి, సముద్రాన్ని కాసేపు కుడివైపు, కాసేపు ఎడమవైపు చూపిస్తూ ఒర్గోయి దాకా ఎక్కుతుంది. ఒర్గోయి దాటాక చెట్లు తగ్గిపోతాయి, తెల్లరాళ్లు మిగులుతాయి, ఇంకా పైన కనుమ. ఆ రోడ్డు మీద పొద్దున్నే వెళ్తే మేకల మెడగంటలు తప్ప ఇంకేం వినపడవు.

ఊరు ఒర్గోయి అని చెప్పుకుంటాడు గానీ ఊళ్లో పెరగలేదు. వాళ్ల నాన్న బాకీజియో మేకలు కాసేవాడు. మంద ఉండేది ఊరికి పైన, రెండు గంటల నడక. ఆరేళ్లప్పుడు తల్లి గ్రాజియెత్తా జ్వరంతో పోయింది. ఆ తర్వాత తండ్రీకొడుకులిద్దరే, రాతిగోడల గుడిసెలో. బాకీజియో రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు మేకలతోనే. వారానికోసారి చీజ్ ముద్దలు పాత సైకిలుకి కట్టుకుని రేవు దాకా దిగి, ఖాళీ బుట్టతో మళ్లీ పైకి తొక్కడం గొనారియో వంతు. అలా పదేళ్లు తొక్కాక కాళ్లు ఎలా తయారవుతాయో చెప్పాలా! పంతొమ్మిదో ఏట ఎవరో చూసి అవతలి ఒడ్డుకి, దీవివాళ్లు ఇటలీ అని పిలిచే పెద్ద నేలకి తీసుకెళ్లారు. జీతానికి తొక్కే పెద్ద టీములో రేసులు మొదలెట్టిన రెండో ఏడే తండ్రి పోయాడు. మందని పక్కూరివాళ్లు తోలుకెళ్లారు. ఒర్గోయిలో ఇల్లంటూ ఎప్పుడూ లేదు, ఇప్పుడు మనిషంటూ కూడా లేకుండా పోయాడు.

ఆ చలికాలమే అబద్ధం పుట్టింది.

చలికాలంలో టీమంతా ఒక హోటల్లో దిగి సాధన చేస్తారు. అందరూ ఇంటినుంచి ఏదో ఒకటి తెస్తారు. గదిలో పక్క మంచం లోరిస్‌ది, వాళ్లమ్మ పంది మాంసం ఎండబెట్టి పంపింది. కెప్టెన్ ఎజీదియో వాళ్లమ్మ అంజూరపళ్లు ఉడికించి సీసాలో పోసింది. గొనారియో ఓడెక్కేముందు రేవులో కొన్న చీజ్ ముద్ద బల్లమీద పెట్టాడు. లోరిస్ నోటినిండా కుక్కుకుని అడిగాడు.

"ఒరేయ్, అదిరిపోయిందిరా! మీ అమ్మ చేసిందా?"

"ఊ" అన్నాడు గొనారియో.

అంతే. ఆ ఒక్క "ఊ" నుంచి పదేళ్లు బయటికి రాలేకపోయాడు. ఏటా చీజ్ కొనడం, కొట్టువాడి కాగితం ఓడ మీదే చింపి సముద్రంలో పారేయడం, గళ్ల తుండుగుడ్డలో మూటగట్టడం. అమ్మ ఎలా ఉందని అడిగితే మోకాళ్లనొప్పులన్నాడు. ఆ తర్వాత ఆ మోకాళ్లు ఏ ఏటికాయేడు కాస్త తగ్గుతూ, కాస్త పెరుగుతూ ఉండాల్సొచ్చింది. ఆదివారం సాయంత్రం అందరూ హోటల్ కింద ఫోన్ దగ్గర వరస కడితే తనూ నిలబడేవాడు. తన వంతు రాగానే టైము చెప్పే నంబరు తిప్పేవాడు. అవతల ఒకావిడ గొంతు "ఆరుగంటల పద్నాలుగు నిమిషాలు" అంటుంటే, ఇవతల తను "తిన్నానమ్మా, చలేం లేదమ్మా" అనేవాడు. ఫోన్ పెట్టేశాక కూడా మొహంలో కాసేపు నవ్వుండేది. అది నటనా అంటే, పూర్తిగా కాదు మరి.

తొంభై ఏడు వసంతంలో, సార్డీనియా చుట్టూ ఐదు రోజుల రేసు పెట్టారు. మూడోరోజు దారి: రేవు, ఎర్రబండలు, ఒర్గోయి, కనుమ, మళ్లీ అటువైపు సముద్రం. కాగితం చూడగానే ఎజీదియో బల్ల మీద చరిచాడు.

"ఒర్గోయి! ఒరేయ్ మేకలోడా, మీ ఊరేరా! మీ అమ్మకి ముద్దిచ్చి రావాలి నువ్వు!"

రేసుల్లో ఇదొక పద్ధతి. రాసిపెట్టిన రూలేం కాదు గానీ రూలుకన్నా గట్టిది. దారిలో ఎవడి ఊరైనా వస్తే, గుంపు వేగం తగ్గించి వాణ్ని ముందుకి పోనిస్తుంది. వాడు వెళ్లి ఊళ్లో ఆగి, తల్లినో పెళ్లాన్నో బిడ్డనో ముద్దాడి, గుంపు రాగానే మళ్లీ కలుస్తాడు. అప్పుడు ఎవడూ దూకుడు చెయ్యడు. కాకపోతే ఒకటే షరతు, సెలవు తీసుకున్నవాడు ఆగి తీరాలి. ఆగకుండా ముందుకి తొక్కేశాడో, అందరి మంచితనాన్నీ దొంగిలించినట్టే. మళ్లీ జన్మలో ఎవడూ వాడికి దారివ్వడు.

గొనారియోకి మూడువారాలు తిండి సరిగ్గా దిగలేదు. రేసుకి ముందు ఆదివారం ఫోన్ దగ్గర, లోరిస్ వెనకే నిలబడి వింటున్నాడని తెలిసి "రోడ్డు మీదికి రామ్మా, ఫౌంటెన్ దగ్గర నిలబడు" అని కూడా అనేశాడు. ఎందుకన్నాడో తనకే తెలీదు. అవతలావిడ "ఆరుగంటల నలభై నిమిషాలు" అంది.

ఆ రోజు వచ్చింది. ఎండ బాగుంది. గాలి సముద్రం మీంచి. నూటయాభై సైకిళ్ల గొలుసుల చప్పుడు తప్ప కొండ మీద ఇంకేం లేదు. ఒక్కో మలుపు తిరిగినప్పుడల్లా కింద నీలం ఇంకాస్త వెడల్పవుతోంది. ఎవడైనా మొదటిసారి చూస్తే తొక్కడం మర్చిపోతాడు! గొనారియో మాత్రం చక్రం వైపే చూస్తున్నాడు.

"వద్దులేరా ఎజీదియో" అన్నాడు పక్కకొచ్చి. "అమ్మకి ఒంట్లో బాగోలేదు. రాదేమో."

"నోరుముయ్" అన్నాడు లోరిస్ వెనకనించి. "ఫౌంటెన్ దగ్గరుంటుంది అన్నావు కదా. సిగ్గా నీకు? ముప్పై నాలుగేళ్లొచ్చి అమ్మ ముందు సిగ్గేంట్రా!"

ఎజీదియో అప్పటికే గుంపు ముందుకెళ్లి మిగతా టీముల పెద్దలకి చెప్పేశాడు. "మన నీళ్లోడి ఊరండీ. పన్నెండేళ్లలో మొదటిసారి. పోనిద్దాం." వాళ్లంతా తలాడించారు. ఒకడైతే ఏకంగా చెయ్యి చాపి, పెళ్లికొడుక్కి దారి వదిలినట్టు పక్కకి జరిగాడు.

ఇంక చేసేదేం లేదు. తొక్కాడు.

రేసులో అందరికన్నా ముందు, ఒక్కడే, ఖాళీ రోడ్డు మీద తొక్కడం అతని బతుకులో అదే మొదలు. ముందొక టీవీ మోటార్ సైకిల్, దాని వెనక తను. రెండు కిలోమీటర్లు. ఇదే రోడ్డు మీద చీజ్ బుట్టతో ఎన్నిసార్లు ఎక్కాడో! అప్పుడూ ఒక్కడే, కానీ అప్పుడెవరూ చూసేవాళ్లు కారు. పైనెవరైనా ఉంటే బాగుండును, ఎవరైనా సరే, పేరు పెట్టి పిలిస్తే చాలనుకున్నాడు.

ఊరొచ్చింది. బడిపిల్లలు కాగితం జెండాలు ఊపుతున్నారు. బారు ముందు ఓ యాభైమంది మగాళ్లు. చప్పట్లు కొట్టారు, మొదటొచ్చిన ఎవడికైనా కొట్టే చప్పట్లే. వాళ్లల్లో ఒకడు పక్కవాణ్ని అడగడం తన సొంత భాషలోనే చెవిన పడింది: "ఎవడ్రా వీడు?"

"తెలీదు. ఇటలీవాడెవడో."

ఫౌంటెన్ దగ్గర మలుపులో ఒకావిడ నిలబడి ఉంది. నల్లబట్టలు, చంకలో బేసిన్, బేసిన్లో ఆకుకూర. రోడ్డు దాటనివ్వలేదని మొహం ముడుచుకుని ఉంది. గొనారియో బ్రేకు నొక్కి, కాలు కింద పెట్టి, వంగి ఆవిడ రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టాడు.

"ఛీ, ఛీ! చెమటోడా!" అందావిడ తలగుడ్డ చివరతో తుడుచుకుంటూ. కోపం మాత్రం రాలేదు. "ఎవరింటోడివి నాయనా నువ్వు?"

"బాకీజియో లోవికు కొడుకునమ్మా."

"ఏ బాకీజియో? కుంటి బాకీజియోనా?"

"కాదు. పైన మంద దగ్గరుండేవాడు. మేకల బాకీజియో."

ఆవిడ కళ్లు చికిలించి చూసింది. "గుర్తు లేదు నాయనా."

"మా అమ్మ గ్రాజియెత్తా. సన్నగా, పొడుగ్గా..." అని ఆగిపోయాడు. అమ్మ గురించి అతనికి తెలిసింది కూడా అంతే.

"ఉహూ" అంది. నిజంగానే ఆలోచించి అంది. "అదిసరే, ఈ రోడ్డెప్పుడు వదుల్తారు? నా కోళ్లు అవతల ఉన్నాయి."

కింద మలుపులో గొలుసుల చప్పుడు వినపడింది. టీవీవాడు కెమెరా ఇటే తిప్పాడు.

"అమ్మా, ఒక్క నిమిషం నా చెయ్యి పట్టుకుంటారా? వాళ్లు వెళ్లేదాకా."

"ఎందుకు? పడిపోతావా?"

"పడిపోతానమ్మా."

ఆవిడ బేసిన్ ఫౌంటెన్ గట్టు మీద పెట్టి, అతని ముంజేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, గెంతే మేకని పట్టుకున్నట్టు. గుంపు వచ్చింది. ఈలలు, అరుపులు.

"అమ్మా, మీ చీజ్ బ్రహ్మాండం!" ఎజీదియో.

"మోకాళ్లు జాగ్రత్తమ్మా!" లోరిస్.

"నా మోకాళ్లకేం రోగం!" అని గట్టిగా అరిచిందావిడ. వాళ్లు ఇంకా నవ్వుకుంటూ వెళ్లిపోయారు. చివరి సైకిలు, దాని వెనక కార్లు, ఆఖరికి అంబులెన్సు కూడా పోయాక ఆవిడ చేతులు వదిలింది.

"పడిపోవుగా?"

"పడను."

బేసిన్ ఎత్తుకుని, ఇటూ అటూ చూసి, రోడ్డు దాటింది. వెనక్కి తిరగలేదు. తిరిగి చూడ్డానికి ఆవిడకేం పని.

గొనారియో తెల్లరాళ్ల మధ్య ఒక్కడే తొక్కి, కనుమకి కాస్త ముందు గుంపుని అందుకున్నాడు. వాళ్లు కావాలనే నెమ్మదిగా వెళ్లారు. లోరిస్ వీపు మీద చరిచాడు.

"మీ అమ్మ ఇంకా గట్టిగానే ఉందిరా! ఏమంది?"

"ఆవిడ మా అమ్మ కాదు" అన్నాడు గొనారియో.

ఎలా వచ్చిందో వచ్చేసింది నోట్లోంచి. చుట్టూ నలుగురైదుగురు ఘొల్లుమన్నారు.

"చెమట కంపని తిట్టిందేమో, అలిగాడు!"

"ముద్దులన్నీ పెట్టేసి ఇప్పుడు అమ్మే కాదంటాడేంట్రా!"

"నిజంగానే లోరిస్. మా అమ్మ..."

కనుమ దాటేశారు. దిగుడు మొదలైంది. గుంపంతా సాగి ఒకే వరసయింది, ఒకరి వెనక ఒకరు, గంటకి డెబ్బై కిలోమీటర్లు. అటువైపు సముద్రం ఒక్కసారిగా కిందికంటా కనిపించింది, మధ్యలో ఏమీ అడ్డం లేకుండా. చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేం లేదు. గొనారియో ముందున్న లోరిస్ వీపుని చూస్తూ, మామూలు గొంతుతోనే, మొత్తం చెప్పాడు. ఆరేళ్లప్పుడే పోయిందని, చీజ్ రేవులో కొన్నదని, ఫోన్లో ఉన్నది గడియారమని. మూడు మలుపులు పట్టింది చెప్పడానికి.

కింద రోడ్డు సమంగా అయ్యాక లోరిస్ తల తిప్పాడు.

"వెనకనించి ఏదో అంటున్నావు, వినపడలా. ఏంటి?"

గొనారియో వాడి మొహం వంక చూశాడు. మంచి మొహం. పదేళ్లుగా పక్క మంచం.

"నీళ్లు కావాలా అన్నా."

"తేరా బాబూ, నాలుక పిడచకట్టుకుపోయింది. ఎజీదియోకి కూడా."

గొనారియో చెయ్యెత్తి, తొక్కడం ఆపి, గుంపంతా తన పక్కనుంచి ముందుకి సాగిపోతుంటే, మెల్లగా కారు వైపు వెనక్కి జారాడు.