అన్యజనులు అని నేను చదవను

శనివారం, ఉదయం పది గంటల ముప్పై అయిదు నిమిషాలు. తిరువూరులో మా ఇంటి ముందు షామియానా కింద, మా ఆయన ఆదరణ కూటంలో, బైబిలు తెరిచి నిలబడ్డాను. ఆయన పోయి అప్పటికి పదకొండు రోజులు. వాక్యం నేనే చదువుతానని పట్టుబట్టాను. చదవడం వచ్చినదాన్ని, ఇంకొకరి చేత ఎందుకు చదివిస్తాను?

యాభై రెండేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. వినగడపలో పుట్టి మిరపచేలల్లో పెరిగినదాన్ని. చదువు చెప్పింది మా వీధి చివరి టీచరమ్మ, గుడి పూజారిగారి భార్య. రిటైరయ్యాక ఆవిడకు పొద్దుపోక, నాకు సిగ్గు చచ్చి, మధ్యాహ్నాలు వాళ్ళ అరుగు మీద కూర్చునేవాళ్ళం. పిల్లల వాచకం నాకొద్దని మొండికేస్తే, నీకేం చదవాలనుందో అదే తెచ్చుకోమంది. బైబిలు తీసుకెళ్ళాను. పూజారిగారి అరుగు మీద నేను కీర్తనలు కూడబలుక్కుంటుంటే ఆవిడ తప్పులు దిద్దేది. ఒకరోజు అన్యజనులు అనే మాట మీద వేలు పెట్టి ఆగింది.

"ఎవరమ్మా వీళ్ళు?"

"మీరేనండి," అన్నాను. నాకు దాచడం రాదు.

"అయితే అన్యజనుల దగ్గర దీర్ఘాలు నేర్చుకుంటున్నావన్నమాట. కానియ్యి, చదువు."

ఆవిడ నవ్వేసింది గాని నేను ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నాను.

బుధవారం బైబిలు స్టడీలో పాస్టరయ్యగారిని అడిగాను. ఆయన పుస్తకాలు తిరగేసి చెప్పారు. బైబిలు మొదట రాసిన హెబ్రీలో ఒక్కరైతే గోయ్, ఎక్కువైతే గోయిం. జనం, జనాలు, అంతే. అబ్రాహామును గొప్ప జనంగా చేస్తానని దేవుడన్న చోట కూడా ఆ మాటేనట. పోనుపోను దానికి బయటివాళ్ళు అనే అర్థం అంటుకుంది. మా ఆయనకిష్టమైన కీర్తనలో ఆ మాట రెండుసార్లు వస్తే, తెలుగు చేసినవాళ్ళు పైన జనములు అన్నారు, నాలుగు వచనాల కింద అన్యజనులు అన్నారు. మరి దిద్దరేమండీ అంటే, అలవాటైపోయిందమ్మా అన్నారు. నాకు కాలేదు.

కూటంలో చదవాల్సింది ఆ కీర్తనే. ముందు వరుసలో టీచరమ్మ కూర్చుని ఉంది. మా సంఘంలో ఒక కట్టడి ఉంది. వాక్యం చదివేవాళ్ళు ఒక్క పొల్లు మార్చినా, ఆదివారం చదివేవాళ్ళ పట్టీలోంచి పేరు కొట్టేస్తారు. ఆ పట్టీలో చోటు కోసం నేను మూడేళ్ళు ఎదురుచూశాను.

వచనం రానే వచ్చింది. అన్యజనులలో అని ఉన్నచోట జనములలో అని చదివాను.

సంఘ పెద్ద మా మరిదే. లేచాడు. "వదినా, ఉన్నది ఉన్నట్టు చదువు."

మళ్ళీ అలాగే చదివాను, ఈసారి ఇంకా గట్టిగా.

"అక్షరాలొచ్చి పట్టుమని పదేళ్ళు కాలేదు, వాక్యాన్నే దిద్దేంతదానివయ్యావా?"

"పైన ఉన్న మాటే కిందా చదివాను. అయ్యగారు ఇక్కడే ఉన్నారు, అడుగు. నాకు చదువు చెప్పిన మనిషిని నా మొగుడి కూటానికి పిలిచి, నా నోటితో పరాయిదాన్ని చెయ్యను."

అందరూ అయ్యగారి వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆమె చెప్పిన అర్థం తప్పు కాదన్నారు. అచ్చులో ఉన్నది మార్చి చదవడం మాత్రం పద్ధతి కాదన్నారు. నేను కూర్చోలేదు. కీర్తన పూర్తిచేశాకే బైబిలు మూశాను.

వెళ్ళేటప్పుడు టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని, "చివర్లో ఒక దీర్ఘం మింగేశావు," అంది.

మరుసటి ఆదివారం పట్టీలో నా పేరు లేదు. పోతే పోయింది. పొద్దున్నే మా గుమ్మంలో కూర్చుని, వీధిలోకి వినబడేటట్టు చదువుతున్నాను. ఆ మాట వచ్చిన ప్రతిచోటా కూటంలో చదివినట్టే చదువుతున్నాను.

కూటం రోజు అక్కడ ఉన్నవాళ్ళు: నేను, నా ఇద్దరు కూతుళ్ళు, మరిది, తోటికోడలు, ఎ.కొండూరు నుంచి వచ్చిన ఆడపడుచు, పాస్టరయ్యగారు, నాతో మిరపకాయలు కోసిన ఆరుగురు ఆడవాళ్ళు, టీచరమ్మ, ఆవిడతో వచ్చి చివరిదాకా కూర్చున్న పూజారిగారు. అంతా మా జనమే.