బి.ఏ. అక్క

కుట్టుమిషనుకు నూనె వేసినప్పుడల్లా ఆ వాసనకు నాకు సరోజక్క గుర్తొస్తుంది. డెబ్బైలలో తిరుత్తణిలో మా పక్కింట్లో ఉండేది. మా వీధిలో డిగ్రీ తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల. నల్లగౌనులో తీయించుకున్న ఫోటో వాళ్లింట్లో దేవుడి పటాల సరసన వేలాడేది. ఇక అప్పటినుంచి ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. కూరగాయలమ్మే ఆమెకు కూడా ‘బి.ఏ. అక్కే’. మొదట్లో ఆ పిలుపులో గొప్ప ఉండేది. ఉద్యోగం రాకుండా ఏళ్లు గడిచేకొద్దీ అదే ఎగతాళి అయింది.

చివరికి తిరువళ్లూరులో ఒక చిన్న కంపెనీలో మరలు డబ్బాల్లో సర్దే పనికి చేరింది. రోజూ రైల్లో వెళ్లొచ్చేది. సాయంత్రం మా అరుగుమీద కూర్చుంటే ఆమె చేతులు మిషను నూనె వాసన వేసేవి.

“బి.ఏ. చదివినోళ్లకి ఈ పనేనా ఇచ్చేది అక్కా?” అని ఒకరోజు ఉక్రోషంగా అడిగాను.

ఆమె పకపకా నవ్వింది. “బి.ఏ. అంటే ఈ వేలై కూడా ఇయ్యరే! ఎస్సెల్సీ అని చెప్పి చేరినా. ఆడ నన్ను సరోజా అని పిలుస్తారు, తెలుసా?”

ఊళ్లో డిగ్రీయే తప్ప పేరు లేని మనిషికి కంపెనీలో పేరే తప్ప డిగ్రీ లేదు. ఆమె నవ్వినా నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఎనభైల మొదట్లో నేను ప్లస్ టూ పాసయ్యాను. కాలేజీ మాట ఎత్తగానే నాన్న కొట్టిపారేశాడు. ఆయన మంచివాడే, కాకపోతే మొండిఘటం. నేను అన్నం మానేసి కూర్చునేసరికి ఏకంగా సరోజక్కనే పిలిపించాడు.

“నువ్వే చెప్పమ్మా. బి.ఏ. చదివి నువ్వేం బాగుపడినావు? అప్పుడన్నా దీనికి బుద్ధొస్తుంది.”

నాకు తల కొట్టేసినట్టయింది. అక్క గుమ్మంలోనే నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నిజమే మామా, నాకు వేలై దొరకలా. ఎవురడిగినా ఆ మాటే చెప్తా. అయితే నన్ను చూపించి దీన్ని ఆపితే మాత్రం నా చదువు నిజంగానే దండగైపోతాది. అంత పని చెయ్యొద్దు.”

నాన్న లేచి ఆమెకు కుర్చీ జరిపాడు. తర్వాత, “కాలేజీ ఎప్పుడు తెరుస్తారంట, సరోజా?” అన్నాడు. ఆయన నోట ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి.

బి.కాం. అయ్యాక మద్రాసులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి పరుగెత్తితే అక్క ఆ నూనె చేతులతోనే నా బుగ్గలు నిమిరింది. ఆమె మాత్రం చివరిదాకా ఆ డబ్బాల దగ్గరే పనిచేసింది. డిగ్రీలు దేనికి పనికొస్తాయని ఇప్పుడెవరైనా అంటే నాకు గుర్తొచ్చేది నా బి.కాం. కాదు, ఆమె బి.ఏ. ఆ డిగ్రీకి ఉద్యోగం రాలేదని ఊరంతా అనుకుంది. వచ్చింది. ఆ ఉద్యోగం నేను చేశాను.