గరగరమనని జాతకం

2005లో మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. పుంగనూరులో జాతకాలు వేసే మునెప్పగారి పాత కంప్యూటర్లో హార్డ్‌డిస్క్ గరగరమంటూ పోయేలా ఉంది. అందులో ఉన్నదంతా కెమెరాల్లో వాడే మెమరీ కార్డులోకి ఎక్కించి, డిస్క్ తీసేసి కార్డు బిగించాను. చప్పుడే లేదు, జాతకం క్షణంలో వచ్చేసింది. నేను గర్వంగా నిలబడ్డాను.

కూతురి జాతకానికి వచ్చిన పెద్దామె మాత్రం కాగితం ముట్టుకోలేదు.

"మొన్న మా చెల్లెలి బిడ్డకు ఎంతసేపు గరగరమనింది. ఇది యోచన చేయకుండానే చెప్తాండాది. నాకొద్దప్పా" అని లేచింది. వెనకున్న ఇద్దరూ లేచారు. మునెప్పగారు నా వైపు గుర్రుగా చూశారు.

గబగబా పాత డిస్క్‌కు కరెంటు తీగ ఒక్కటే తగిలించి లోపల పెట్టాను. గరగర మొదలైంది.

పెద్దామె కూర్చుంది. "ఇప్పుడు సూడు, యోచన చేస్తాండాది."

ఆనాటినుంచి ఏ మిషను బాగుచేసినా దాని చప్పుడు జోలికి మాత్రం పోలేదు.