నీళ్లు పడుతున్నయా

మా బావ పోయాడని మొన్న పొద్దున రేవు నుంచి కబురు వచ్చింది. రాత్రి నిద్రలోనే ప్రాణం పోయిందట. బొగ్గు బావి షిఫ్టుకు బయలుదేరుతున్నవాణ్ణి గుమ్మంలోనే ఆగిపోయాను. దుఃఖం కంటే ముందు నాకు అనుమానం వచ్చింది. ఎవరినో ఒకరిని కొట్టకుండా వారం గడవని మనిషి, ఆయన మీద పళ్లు నూరేవాళ్లు రెండు ఒడ్ల మీదా ఉన్న మనిషి, మంచంలో నెమ్మదిగా ఎట్లా పోతాడు? ఎవడో చంపి ఉంటాడనుకుని పరుగెత్తాను. నిజంగానే నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. గోదావరి మీద పడవ నడిపేవాడు. పాత తెరచాప పడవకు లారీ ఇంజన్ బిగించి, అవతలి ఒడ్డు వాళ్లను బొగ్గు బావుల డ్యూటీకి దాటించేవాడు. పడవ అడుగున ఒక గొట్టం నది నీళ్లు పీల్చేది. ఆ నీళ్లు ఇంజన్‌ను చల్లబరిచి పక్క గొట్టంలోంచి మళ్లీ నదిలో పడేవి. ఇంజన్ స్టార్ట్ చేయగానే పక్కనున్న ప్రయాణికుణ్ణి, "నీళ్లు పడుతున్నయా?" అని అడిగేవాడు. వంగి చూసి చెప్పాలి. చూడకుండా తల ఊపితే వీపు మోగేది. అక్క మీద కూడా ఒకసారి చెయ్యెత్తాడు. అక్క గరిటె ఎత్తింది. బావ మళ్లీ చెయ్యెత్తలేదు.

అంతటి కోపిష్టిని ఎందుకు తలుచుకుంటున్నానంటే, అరవైల చివర బావుల్లో సమ్మె జరిగిన రోజుల్లో ఒక పగలంతా ఆయన పక్కనే ఉండి చూశాను కాబట్టి.

ఆ పొద్దున కూలీలను కూర్చే ఒక మేస్త్రీ రేవుకొచ్చాడు. సమ్మెను లెక్కచేయకుండా అవతలి ఒడ్డు నుంచి మనుషులను పనిలోకి తెమ్మన్నాడు. బావ తేనన్నాడు. మేస్త్రీ బావ తల్లిని తిట్టాడు. బావ ఒక్క గుద్దుకు వాడి ముందు పన్ను ఊడగొట్టి, తలకు చుట్టుకున్న ఎర్ర రుమాలు లాగి, కట్టేసి ఉన్న పడవ పక్కన నీళ్లలోకి విసిరేశాడు. నేను నవ్వాను. నేనూ సమ్మెలో ఉన్నవాణ్ణే.

మధ్యాహ్నానికి అదే మేస్త్రీ నెత్తురోడుతూ రేవు దిగి వచ్చాడు. వెనుక కర్రలతో మావాళ్లు. చంపేటట్టే ఉన్నారు. పడవలో బావా నేనూ మాత్రమే ఉన్నాం. బావ వాణ్ణి చొక్కా పట్టి లోపలికి ఈడ్చి ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఎప్పుడూ అడిగే మాట ఆ తొందరలో అడగలేదు.

నడి నదిలో కమురు వాసన వచ్చింది. ఇంజన్ మీద పొగలు. పక్క గొట్టం ఎండిపోయి ఉంది. బావ వెంటనే ఇంజన్ ఆపి నాతో తెరచాప ఎత్తించాడు. అది మమ్మల్ని వెనక్కి కొట్టుకుపోకుండా ఆపింది, అంతే. వెనుక మావాళ్లు చేపల పడవలెక్కి వస్తున్నారు. నేను బకెట్ ముంచి ఇంజన్ మీద పోయబోతే చెంప పగలగొట్టాడు.

"ఉడుకుతున్న ఇనుము మీద సల్లటి నీళ్లు పోస్తవా? పగుల్తది రా," అన్నాడు.

పంపు బెల్టు చూశాడు, బాగానే ఉంది. ఆ తొందరలో వేడి గొట్టం తగిలి ముంజేతి మీద తోలు ఊడింది. చెత్త ఆగే జల్లెడ విప్పాడు. చెత్త లేదు, నీళ్లూ లేవు. అంటే నీళ్లు లోపలికే రావడం లేదు. కాలిన చేత్తోనే నదిలోకి దూకి పడవ కిందికి పోయాడు. రాళ్లు పడుతున్నాయి. ఒకటి నా భుజానికి తగిలింది. ఆ చేతులు నాకు తెలిసినవే.

పైకి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఎర్ర రుమాలు ఉంది. పొద్దున తాను విసిరిందే గొట్టం మూతికి చుట్టుకుపోయింది. బావ దాన్ని కాసేపు చూశాడు. నీళ్లు పిండి, మేస్త్రీ ఒళ్లోకి విసిరాడు.

అప్పటికి పడవలు మమ్మల్ని అందుకున్నాయి. ఒకడు మా పడవ అంచు పట్టుకున్నాడు. బావ పడవ తోసే గడ ఎత్తాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"పొద్దుగాల నేను కొట్టిన. ఇప్పుడు మీరు కొట్టిండ్రు. ఇగ చాలు. వీడు గావాలంటే ముందు నన్ను సంపుండ్రి," అన్నాడు.

అంచు పట్టుకున్నవాడు చెయ్యి తీసేశాడు. ఇంజన్ చల్లారేదాకా ఆగి బావ స్టార్ట్ చేశాడు. ఒక కన్ను మూసుకుపోయిన మేస్త్రీని చూసి, "నీళ్లు పడుతున్నయా?" అని అడిగాడు. మేస్త్రీ పాక్కుంటూ పోయి వంగి చూశాడు. పడుతున్నాయని చెప్పి ఏడ్చాడు.

బావ ఆ తర్వాతేమీ సాధువు కాలేదు. మరుసటి వారమే సంతలో ఒకడి చెవి కమిలేట్టు కొట్టాడు. నన్ను కొట్టిన దెబ్బకు మాత్రం ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. కోపంలో చెయ్యి లేచినప్పుడల్లా ఆ చెంప గుర్తొస్తుంది, దించుకుంటాను.

దహనానికి మేస్త్రీ వచ్చాడు. "రుమాలు వాపస్ ఇచ్చిండు గని పన్ను ఇయ్యలే," అని సందు పళ్లతో నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఈ పొద్దున అస్థికలు కలపడానికి అదే పడవ ఎక్కాం. ఆనాడు రాళ్లు విసిరినవాళ్లూ ఉన్నారు. మా మేనల్లుడు ఇంజన్ స్టార్ట్ చేసి, ఏడుపు ఆపుకుంటూ చుక్కాని పట్టుకున్నాడు. మేస్త్రీ లేచి అంచు మీదికి వంగి చూశాడు.

"పడుతున్నయి," అన్నాడు, ఎవరూ అడగకుండానే.