సుభానీ మెడ, రెండు కెమెరాలు

పర్చూరు సెంటర్లో బస్సు దిగి ఎవర్నడిగినా సుభానీ స్టూడియో చూపిస్తారు. చూడ్డానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. ఎరువుల కొట్టుకీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఒక షట్టరు, దాని మీద ఎండకి వెలిసిపోయిన బోర్డు. అయినా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏ ఇంటికెళ్ళినా గోడ మీద అతను తీసిన పెళ్ళి ఫోటో ఒకటి వేలాడుతూ ఉంటుంది.

సుభానీ గొప్పలు చెప్పుకోవడానికి మొహమాటపడే మనిషి కాదు. "ముహూర్తం పెట్టేది పంతులుగారు, నడిపేది నేను" అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. పెళ్ళికొడుకు మంగళసూత్రం చేతిలోకి తీసుకున్నాక పంతులుగారు మంత్రం చదువుతూనే కళ్ళతో ఫోటోగ్రాఫర్ని వెతుకుతారు. సూత్రం పెళ్ళికూతురి మెడ దగ్గరకొచ్చి ఆగుతుంది. ఫోటోగ్రాఫరు తలూపుతాడు. అప్పుడు పంతులుగారి చెయ్యి లేస్తుంది, గట్టిమేళం మోగుతుంది, ముడి పడుతుంది. ఏ శాస్త్రంలోనూ రాసిలేని పద్ధతే గానీ, ఈ పక్క పెళ్ళిళ్ళలో అది తప్పిన పెళ్ళి లేదు. నమాజు వేళకి జేబులోంచి టోపీ తీసి పెట్టుకునే సుభానీ, ముప్పై ఏళ్ళుగా హిందువుల పెళ్ళిళ్ళలో ఆ తలూపే పని చేస్తూ వచ్చాడు.

చివరికి అతని పనికి ఎసరు పెట్టింది అతని మెడే. కెమెరా, లెన్సు, ఫ్లాషు, అన్నీ కలిపి మెడకి తగిలించుకుని ముప్పై ఏళ్ళు తిరిగితే పూసలు అరిగిపోయాయి. మెడకి బరువు తగిలించొద్దని ఒంగోలు డాక్టరు గట్టిగానే చెప్పాడు. సుభానీ తలూపాడు, మామూలుగా పనికి వెళ్ళాడు. ఆ తర్వాత ఒక ఓణీల ఫంక్షన్లో కుడిచెయ్యి తిమ్మిరెక్కి, కెమెరా ఎప్పుడు జారిందో కూడా తెలియకుండా నేల మీద పడింది. అందరూ అయ్యో అన్నారు. సుభానీ లెన్సు ముక్కలు ఏరుకుంటూ, ముక్కలకంటే తన చేతినే ఎక్కువసేపు చూసుకున్నాడు.

కొత్తది కొనక తప్పదు. గుంటూరు బ్రాడీపేటలో కెమెరాల షాపు చైతన్యకృష్ణది. కుర్రాడే అయినా ఓపిక ఉన్నవాడు. గాజు బల్ల మీద రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టాడు.

"ఇది మిర్రర్‌లెస్సండీ. మీ పాతదాంట్లో ఉన్న అద్దం ఇందులో ఉండదు, అందుకని బాడీ తేలిక. కాకపోతే లెన్సు లెన్సేగదా. పెళ్ళికి వాడే లెన్సు తగిలిస్తే మళ్ళీ కేజీన్నర దాకా వచ్చేస్తది."

"మరి ఈ అగ్గిపెట్టె ఏంది?"

"అగ్గిపెట్టె అనమాకండి. కాంపాక్టు. లోపల బొమ్మ పట్టే సెన్సరు మాత్రం దానికున్నంత పెద్దదే. లెన్సు ఊడదు, జూము లేదు, మనమే దగ్గరికెళ్ళి తీసుకోవాలి. కంటికి ఆనించుకుని చూసే కిటికీ కూడా లేదండి. ఫోన్లో తీసినట్టు వెనక స్క్రీన్లో చూసుకోవటమే."

సుభానీ రెండూ పట్టుకుని షాపు బయటికొచ్చాడు. ఎదురుగా ఆటో స్టాండు. రెండిటితోనూ ఒకే ఆటోని, ఒకే డ్రైవర్ని తీశాడు. లోపలికొచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే డ్రైవరు గడ్డం మీద తెల్ల వెంట్రుకలు రెండిట్లోనూ లెక్కపెట్టుకునేటట్టున్నాయి. వెనకనున్న కొట్లు పెద్దదాంట్లో మరికాస్త మెత్తగా కలిసిపోయాయి. చిన్నదాంట్లో రంగులు కంటికి ఇంపుగా ఉన్నాయి. తేడా అంతా బొమ్మ బయటే ఉంది. ఒకటి చొక్కా జేబులో పడుతుంది, ఇంకోటి మెడ అడుగుతుంది.

అతని మొహం చూసి చైతన్యకృష్ణే, "చిన్నది ఒక పెళ్ళికి తీసుకెళ్ళి చూడండి. నచ్చితేనే ఉంచుకోండి" అన్నాడు.

ఆ పెళ్ళి సుబ్బరావమ్మ పెద్దకూతురు మాధురిది. సుబ్బరావమ్మ అయిదెకరాల మిరప, మూడెకరాల పత్తి వేసే రైతు ఇంటి ఇల్లాలు. ఆమె పెళ్ళికి ఫోటోలు తీసింది కూడా సుభానీనే. మాధురి పెళ్ళినాటికి మిరపకి తామరపురుగు పడి చేను సగం పోయింది కాబట్టి పెళ్ళి ఇంటి ముందు పందిట్లోనే, వీడియో కూడా వద్దనుకున్నారు. ఆమె అడిగింది ఒక్కటే. "మిగతాయి ఎట్టా వచ్చినా ఫర్లా అన్నయ్యా. తాళి కట్టే ఫోటో మాత్రం నాది తీసినట్టు తియ్యాలి నా కూతురికి."

సుభానీ ఇంటికెళ్ళి భార్య కరీమున్‌తో, "ఆ ఒక్క ఫోటో ఈ చిన్నదాంతో పడిందంటే ఇంకో పదేళ్ళు లాగుతా" అన్నాడు.

"పడకపోతే?"

"పెద్దది మొయ్యలేను, చిన్నది పనికిరాదంటే ఇంకేముంది, షట్టరు దించటమే. పడకపోవటమేందిలే, ముప్పై ఏళ్ళ చెయ్యి ఇది."

పెళ్ళి మాఘమాసంలో, పొద్దుటి ముహూర్తం. పక్క కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయేమో, పందిట్లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ ముందొకసారి తుమ్మి ఆ తర్వాత పలకరించుకుంటున్నారు. సుభానీ తెల్లచొక్కా తొడుక్కుని, చిన్న కెమెరా మణికట్టుకి తగిలించుకుని వెళ్ళాడు. గుమ్మం దగ్గర పిల్లలు పన్నీరు చల్లి కలకండ చేతిలో పెట్టారు. అంతకుముందు ఏ పెళ్ళిలోనూ అతని మీద పన్నీరు పడలేదు. "రండి బాబాయ్, టిఫిన్ చేద్దురుగాని" అని ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పెద్దవాళ్ళ బంతిలో కూర్చోబెట్టారు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే మొహం కావటంతో పెళ్ళికూతురి తరఫువాళ్ళు అతన్ని మగపెళ్ళివాళ్ళ చుట్టమనుకున్నారు, మగపెళ్ళివాళ్ళు ఇటువైపు చుట్టమనుకున్నారు. ఇద్దరూ మర్యాదకి లోటు చెయ్యలేదు. సుభానీ లోలోపల నవ్వుకుంటూ ఇడ్లీ తిన్నాడు. ఫోటోగ్రాఫరుకి ఆఖరి బంతే ఉంటుంది ఎక్కడైనా.

పెళ్ళికూతురి గదిలో ఇంకా బాగా జరిగింది. మామూలుగా అతను గుమ్మంలో నిలబడేసరికి ఆడవాళ్ళు కొంగు సర్దుకుని, గాజులు కనపడేటట్టు చేతులు పెట్టుకుని, బిగుసుకుపోయేవాళ్ళు. ఈసారి ఎవరూ తలెత్తి చూడలేదు. నోట్లో పిన్నీసు పెట్టుకుని చెల్లెలి మీద కసురుకుంటున్న మాధురి, జడ అల్లుతూ వెనక నుంచి కన్నీళ్ళు తుడుచుకుంటున్న సుబ్బరావమ్మ, అద్దంలో తనని తాను చూసుకుని మురిసిపోతున్న ముసలి మేనత్త, అందరూ చిన్న కెమెరాలోకి నడిచొచ్చినట్టు వచ్చేశారు. ఇలాంటివి తనెప్పుడూ తీయలేదని సుభానీకే తెలుస్తోంది. మెడ గాలిలో ఉన్నట్టుంది. చాలా ఏళ్ళ తర్వాత పని చేస్తూ సంతోషపడ్డాడు.

మగపెళ్ళివారిలో ప్రకాష్ అని పెళ్ళికొడుకు పిన్నికొడుకు ఉన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం. సరదాకి కొనుక్కున్న మిర్రర్‌లెస్ కెమెరా, దానికి మోచెయ్యంత లెన్సు, అది మెళ్ళో వేసుకుని పందిరంతా తిరుగుతున్నాడు. సుభానీ ఆ లెన్సుని ఒకసారి ఆశగా చూసి, తన మెడ గుర్తొచ్చి చూపు తిప్పుకున్నాడు.

జీలకర్ర బెల్లం అయింది. పంతులుగారు మంగళసూత్రం కొబ్బరికాయ మీద పెట్టి అందరిచేతా ముట్టించి తెప్పించారు. చుట్టాలంతా ఫోన్లెత్తుకుని లేచి నిలబడ్డారు. జూము లేని కెమెరా కాబట్టి సుభానీ దగ్గరికి పోవాలి. ముందుకి తోసుకుంటూ వెళ్తుంటే ఒకావిడ చొక్కా పట్టుకుని లాగింది.

"కూర్చో బాబాయ్, వెనకోళ్ళకి కనపడట్లా."

"నేను ఫోటోగ్రాఫర్నమ్మా."

ఆవిడ అతని చేతిలో ఉన్నదాన్ని చూసి, తన ఫోను చూపించింది. "మేమూ తీస్తన్నాంగా."

వాదించే వ్యవధి లేదు. సుభానీ పందిరి గుంజ చుట్టూ తిరిగి పెళ్ళిపీటల వెనకవైపుకి పరుగెత్తాడు. పెళ్ళికొడుకు లేచి సూత్రం చేతిలోకి తీసుకున్నాడు. పంతులుగారు పొన్నూరు నుంచి వచ్చినాయన, సుభానీ మొహం ఎరగడు. మంత్రం చదువుతూ అలవాటుగా కళ్ళతో వెతికాడు. ఆ చూపు ఫోన్లన్నిటి మీదుగా వచ్చింది, సుభానీ మీదుగా కూడా వచ్చింది, ఆగకుండా వెళ్ళి ప్రకాష్ మెడలో ఉన్న కెమెరా మీద నిలిచింది.

"ఫోటోగ్రాఫరుగారూ, రెడీయేనా?"

ప్రకాష్ వెనక్కి తిరిగి చూసి, తననే అంటున్నారని తెలుసుకుని, కంగారుగా కెమెరా కంటికి ఆనించుకున్నాడు. పందిరి మొత్తం అతనికి దారిచ్చింది. సూత్రం మాధురి మెడ దగ్గర ఆగింది. ప్రకాష్ తలూపాడు.

"ఒక్క నిమిషం!" అని అరిచాడు సుభానీ. గట్టిమేళంలో అతని అరుపు అతనికే వినపడలేదు. మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులూ పైకెత్తి, స్క్రీన్లో ఏం కనపడుతోందో తెలియకుండానే నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. తర్వాత చూసుకుంటే ఒక తలపాగా, రెండు వీపులు, ఎవరిదో ఫోను, ఆ ఫోను తెరలో వేలిగోరంత మంగళసూత్రం ఉన్నాయి.

దండలైతే మళ్ళీ వెయ్యమని అడగొచ్చు. తలంబ్రాలూ మళ్ళీ పొయ్యమనొచ్చు. మూడు ముళ్ళు మళ్ళీ వెయ్యమని ఏ నోటితో అడుగుతాడు? అడగలేదు. అరుంధతీ దర్శనం దాకా మిగతావన్నీ తీసి, ఆఖరి బంతిలో భోంచేసి ఇంటికొచ్చాడు.

మర్నాడు సిగ్గు చంపుకుని ప్రకాష్‌కి ఫోన్ చేసి తాళి ఫోటో పంపమన్నాడు. వచ్చింది. స్టూడియోలో కంప్యూటర్ మీద తెరిచి చూశాడు. మాధురి తలవంచుకుని ఉంది, పెళ్ళికొడుకు ముడి వేస్తున్నాడు, ఇద్దరూ పొగమంచులో ఉన్నట్టు మసకగా ఉన్నారు. వాళ్ళ వెనక, గుంజ పక్కన, నోరు తెరిచి, చేతులు రెండూ పైకెత్తి, కాటుక గీసినంత స్పష్టంగా సుభానీ ఉన్నాడు. చొక్కా చంకలో చెమట కూడా కనపడుతోంది.

మళ్ళీ ఫోన్ చేశాడు.

"సారీ అంకుల్. దీంట్లో ఐ ఫోకస్ అని ఉంటది, మనుషుల కళ్ళెక్కడున్నాయో అదే వెతుక్కుని పట్టుకుంటది. అమ్మాయేమో తల దించింది, మావాడు ముడి చూస్తన్నాడు. కెమెరా వైపు ఉన్న కళ్ళు మీయే. మిమ్మల్ని పట్టేసింది" అన్నాడు ప్రకాష్. కుర్రాడు నిజంగానే నొచ్చుకున్నాడు.

సుభానీ ఫోన్ పెట్టేసి ఆ ఫోటోని తెర నిండా పెద్దది చేశాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క పెళ్ళి ఫోటోలోనూ అతను లేడు. ఇప్పుడు చూస్తే తెల్లచొక్కా వేసుకున్న ఎవరో పెద్దాయన, చుట్టాల మధ్యలో చుట్టంలా, అందరూ తీస్తుంటే తనూ తీసుకుందామని ఎగబడుతున్నట్టున్నాడు. ముందు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. ఏడిచాడు.

ఫోటోలు కడిగించుకుని సుబ్బరావమ్మ ఇంటికి వెళ్ళాడు. అత్తారింటి నుంచి వచ్చిన మాధురి కూడా అక్కడే ఉంది. గదిలో తీసినవి చూసి ఇద్దరూ పడీపడీ నవ్వారు. జడ అల్లుతున్న ఫోటో దగ్గర నవ్వు ఆగిపోయింది, ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు.

"ఇవి మాత్రం ఇంకెవరూ తీయలేరన్నయ్యా" అంది సుబ్బరావమ్మ. "తాళిదేదీ?"

ప్రకాష్ తీసింది చేతిలో పెట్టాడు. "నేను తీయలేకపోయానమ్మా. ఇదే ఉంది."

కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడితే బాగుండుననుకున్నాడు కూడా. ఆమె ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసి, మెల్లగా నవ్వింది.

"ఏందన్నయ్యా అట్టా చేతులెత్తి నిలబడ్డావు? పోన్లే, పిల్లలు ఫోన్లలో తీసినయ్యి ఉన్నాయి, అందులోది ఒకటి పెట్టిద్దాం. నీ మెడ సంగతి కరీమున్ వదిన చెప్పిందిలే. ఈ వయసులో ఇంకా ఎందుకు ఆ యాతన? వైశాఖంలో చిన్నదాని పెళ్ళి. ఫోటోలు ప్రకాష్ తీస్తానన్నాడు. ఆ బాధ నీకొద్దు. నువ్వు వదినని తీసుకుని పొద్దున్నే వచ్చి ముందు వరసలో కూర్చోవాలి. మా చుట్టానివి నువ్వు."

ఆమె మాటలో కల్మషం లేదు. అది సుభానీకి తెలుసు. అందుకే, "అట్టాగేనమ్మా, వస్తాం" అన్నాడు.

తర్వాతి సోమవారం చిన్న కెమెరా తుడిచి, డబ్బాలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కాడు. చైతన్యకృష్ణ డబ్బా తెరిచి చూసి, మళ్ళీ రెండు కెమెరాలూ గాజు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"ఎట్టా ఉందండీ?"

"బొమ్మలకేం, బంగారంలా ఉన్నాయి. దాంట్లోనూ బాగానే వస్తయ్యి. వంక పెట్టటానికి లేదు బాబూ రెండిటికీ."

"మరి ఏది ప్యాక్ చెయ్యమంటారు? వైశాఖంలో ముహూర్తాలు గట్టిగా ఉన్నాయంట."

"ఆఁ. పెళ్ళికి పిలిచారు."

"అయితే పెద్దదే తీసుకోండి."

"ఫోటోలకి కాదు" అన్నాడు సుభానీ. "భోజనానికి."

చైతన్యకృష్ణకి ఏమీ అర్థం కాలేదు. "మంచిదేగదండీ" అన్నాడు.

"మంచిదే" అన్నాడు సుభానీ.