నిమ్మకాయ మీద ఫైరింజన్

మెదక్ వచ్చి నెల దాటింది. పెద్దబాపుకు కంటి ఆపరేషన్ అయింది. పెద్దమ్మకు ఒక్కదానికే ఆయన్ని దవాఖానకు తిప్పడం కష్టం. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం కాబట్టి ఆ డ్యూటీ నా మీద పడింది. పొద్దున్నే ఆయన కంట్లో చుక్కల మందు, తర్వాత ఆఫీసు కాల్స్, మధ్యలో కరెంటు పోవడం, మళ్లీ చుక్కల మందు. ఆ రోజు దసరా సెలవని ఆలస్యంగా లేచాను. అయినా ఒళ్లు నిద్రపోనట్టే ఉంది.

ఆ నెలంతా నాకున్న ఒక్క ఆశ, బ్యాగులో దాచుకున్న ఫైరింజన్. పాతకాలం బండికి లోహంతో పోతపోసిన మోడల్. జానెడు పొడవు, ముందు చిన్న ఇత్తడి గంట, పైన నిచ్చెన. డబ్బా సీలు కూడా విప్పలేదు. విప్పితే మాలా మోడళ్లు సేకరించేవాళ్లు దాన్ని ముట్టరు. మా ఫోన్ గ్రూపులో ఒకాయన, అది ఇస్తే నేను ఎన్నాళ్లుగానో వెతుకుతున్న పాత అంబులెన్సు మోడల్ ఇస్తానన్నాడు. పండుగ మర్నాడు కొరియర్ వేయాలి.

ఫోన్ చూసుకుంటూ వాకిట్లోకి వచ్చాను. ఆయుధ పూజకని స్కూటరు, నీళ్ల మోటారు, మిక్సీ, కొడవలి కడిగి వరుసగా పెట్టారు. వరుస చివర, అరుగు మీద, నా ఫైరింజన్. అద్దానికి పసుపు, కుంకుమ. గంటకు బంతిపువ్వు.

"ఎవర్నడిగి తీసిండ్రు దాన్ని?"

"బండికి పూజ చెయ్యనీకె గూడ అడగాల్నా?" అంది పెద్దమ్మ, పసుపు చేతులతోనే. "గాలాడకుంట డబ్బాల దాస్తరా ఎవరన్న?"

"అది పూజ చేసే బండి కాదు పెద్దమ్మా. సీలు పోతే ఇగ ఎవడు తీస్కోడు. ఏది ముట్టాల్నో, ఏది ముట్టొద్దో తెల్వదా మీకు?"

నా గొంతుకి పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు.

"మీ పెద్దమ్మనేమనకు. నేనే తియ్యమన్న," అన్నాడు పెద్దబాపు నల్లద్దాలతో కుర్చీలోంచి. రిటైరయ్యేదాకా ఆయన ఫైరింజన్ డ్రైవరు. "నౌకరి చేసినన్ని రోజులు దసరాకు బండికి నేనే బొట్టు పెట్టి, నేనే నిమ్మకాయ తొక్కిచ్చేటోన్ని. నౌకరి దిగినంక పిలిచినోడు లేడు. గిది ఇంట్లనే ఉండె గద అని..."

చక్రం ముందు నిమ్మకాయ అలాగే ఉంది. బండిని నెట్టి చూసినట్టున్నారు. కాయ నలగలేదు.

"ట్యాంకుల నీళ్లు లేవు. ఖాలీ బండికి బరువేడుంటది," అన్నాడు.

"నీ తీర్గనే. రిటైరైంది," అంది పెద్దమ్మ.

నాకు నవ్వు రాలేదు. తుడిచి చూశాను. పసుపు నిచ్చెన సందుల్లోకి దిగింది. ఫొటో తీసి అవతలాయనకు పంపాను. కాసేపటికి, వద్దులే బ్రో, అని వచ్చింది. మెట్టు మీద కూర్చున్నాను. అరవడానికి కూడా ఓపిక లేదు.

"పోయిందా బేరం?" అన్నాడు పెద్దబాపు.

"పోయింది."

ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"అయితే జర నువ్వు తొక్కియ్యి బిడ్డా. డాక్టర్ నన్ను వంగొద్దన్నడు. మీ పెద్దమ్మతోని అయితలేదు."

ఫోన్ జేబులో పెట్టాను. రెండు అరచేతులూ బండి మీద ఆనించి నొక్కాను. కాయ చిట్లి రసం చక్రాల మీద, ఎర్ర రంగు మీద చిందింది.

"రివర్స్ తీస్కోకు," అన్నాడు వెనక నుంచి. "ముందుకే పోనియ్యి."

అరుగు చివరిదాకా పోనిచ్చి ఆపాను. చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి. ఆయన చుక్కల మందుకు వేళయింది.