షెడ్డులో ఎంతమంది

దెయ్యాలను నేను నమ్మను. శ్మశానం పక్క పొలానికి పదేళ్ళు ఆయిలింజనుతో నీళ్ళు తోడాను. అక్కడ నన్ను కుట్టినవి దోమలే. మిమ్మల్ని నమ్మించాలనీ లేదు. జరిగింది రాస్తున్నాను.

అరవైల మొదట్లో సంగతి. తోటపల్లి గూడూరు దగ్గర, సముద్రం గాలి తగిలే ఊరు మాది. మద్రాసు కాలేజీలో పాఠాలు చెప్పే సారు ఒకాయన వచ్చి ఇసుకదిబ్బ పక్కన రేకుల షెడ్డు వేయించారు. డీజిల్లో కానుగ నూనె కలిపి పోస్తే, ఈ ఉప్పుగాలిలో ఇంజనులో ఎలా మండుతుంది, ఎంత పొగ వస్తుంది అన్నది ఆయన పరిశోధన. ఇంజను నడపడం నా పని.

"పొగ కొలిచే సారు వచ్చినాడు, రేపు గాలిని తూకమేస్తాడు" అని ఊళ్ళో నవ్వేవాళ్ళు. సారు అన్నీ నోటుబుక్కులో ఎక్కించేవారు. షెడ్డులో ఎంతమంది ఉన్నారో కూడా. మనిషి ఒంటి వేడీ లెక్కేనట.

ఇంజను మోతలో మాట వినపడదు. అందుకని సారు వెనక నిలబడి నా భుజం తట్టేవారు. ఒకసారి తడితే నూనె పెంచాలి, రెండుసార్లయితే తగ్గించాలి, మూడుసార్లయితే ఆపాలి.

ఆ మధ్యాహ్నం గాలికి తలుపు కొట్టుకుంటుంటే సారు బయట గొళ్ళెం పెట్టి, నీళ్ళకోసం కాలవకు వెళ్ళారు. కిటికీ లేదు. లోపల నేనొక్కణ్ణే.

ఉన్నట్టుండి ఇంజను వేగం అందుకుంది. నూనె కుళాయి కట్టేశాను. ఆగలేదు, ఇంకా పెరిగింది. అదురుకు పొగగొట్టం ఊడి, పొగంతా లోపలికే కక్కింది. తలుపు గుద్దాను, ఆ చప్పుడు నాకే వినపడలేదు. పొగలో తడుముకుంటూ మళ్ళీ ఇంజను దగ్గరికే వచ్చాను. ఇంజను పగిలినా చస్తాను, పగలకపోయినా పొగకు చస్తాను.

అప్పుడు భుజం మీద మూడుసార్లు ఎవరో తట్టారు. సారు వచ్చేశారనుకుని, కుళాయి కట్టేశానని అరిచాను. ఒక చెయ్యి నా మణికట్టు పట్టి, ఇంజను గాలి పీల్చే గొట్టం మూతి మీదికి లాగింది. పక్కన తొట్టిలో నానుతున్న గోనెసంచి అందుకుని ఆ గొట్టంలో కుక్కాను. ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చింది.

ఆ తర్వాతే బయట గొళ్ళెం తీసిన చప్పుడైంది. సారు అప్పుడే పరుగెత్తుకొచ్చారు.

"గాలి మూయమని ఎవరు చెప్పినారు రత్నం? నేను నీకు నేర్పలేదే!"

"మీరే గదా సారూ, చెయ్యి పట్టి లాగితిరి."

నా మణికట్టు చుట్టూ మసి, ఐదు వేళ్ళ అచ్చు. సారు తన వేళ్ళు ఆనించి చూశారు. నేను నావి ఆనించాను. ఆ వేళ్ళు మా ఇద్దరి వేళ్ళకన్నా పొడుగు.

ఇంజను తన అడుగునున్న కందెన నూనెనే పైకి లాక్కుని తాగిందని సారు తర్వాత తేల్చారు. చెయ్యి సంగతి తేల్చలేదు. పొగ తలకెక్కి భ్రమపడి ఉంటావన్నారు. భ్రమకు మసి ఉంటుందా?

వెళ్ళిపోయేరోజు ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. "దీన్ని కాలేజీలో చూపించలేను, నీ దగ్గరే పెట్టుకో" అన్నారు. అప్పటికి నాకు అంకెలు కూడా రావు. నాకు నలభై ఏళ్ళు దాటాక మా ఊరి చర్చి పాస్టరమ్మ దగ్గర చదువు నేర్చుకుని, ఆనాటి పేజీ వెతికి పట్టాను.

షెడ్డులో ఎంతమంది అన్నచోట సారు ఒకటి వేసి కొట్టేశారు. పక్కన రెండు వేశారు. దాన్నీ కొట్టేశారు.

నేనైనా నింపుదామని ఎన్నోసార్లు పెన్సిలు పట్టుకున్నాను. ఏ అంకె వేయాలో ఈరోజుకీ తెలియదు.